గరుసు బాట మీద తీతువు గూడు

కనిగిరి వైపు రాళ్లవాగుపాలెం అనే పల్లెలో సుబ్బరత్నం అనే ఇల్లాలు ఉండేది. ఆమెకు శుభ్రత పిచ్చి ఎంతంటే, ఆకు రాలితే చెట్టునే తిట్టేది.

పొద్దున్నే వాకిలి ఊడవడం అందరూ చేసే పనే. సుబ్బరత్నం సంగతి వేరు. ముందు ఊడ్చేది, పేడనీళ్లు చల్లేది, మళ్లీ ఊడ్చేది, ముగ్గు వేసేది, ముగ్గు పక్కన చెదిరిన పిండిని కూడా ఊడ్చేది. వాళ్ల వాకిట్లో వాలాలంటే కాకి కూడా కాళ్లు కడుక్కుని రావాలని ఊరివాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆమెకు మాత్రం అది మెచ్చుకోలుగానే వినపడేది. అయితే ఆ మెప్పు ఒక్కరి నోటి నుంచే ఎప్పుడూ రాలేదు. ఆ ఒక్కరు ఆమె ఆడపడుచు మస్తానమ్మ. పొదిలి నుంచి ఎప్పుడు వచ్చినా వాకిలంతా చూసి, "ఆ మూల కొంచెం దుమ్ముందే" అనేది.

సుబ్బరత్నం భర్త మాలకొండయ్య పొగాకు రైతు. కోసిన పొగాకును కాల్చడానికి బ్యారన్ అని పొడుగాటి గది ఒకటి కడతారు. సీజన్ నడిచినన్నాళ్లూ దాని పొయ్యిలో కట్టెలు మండుతూనే ఉండాలి. ఆ కట్టెల కోసం చుట్టుపక్కల చెట్టన్నది లేకుండా పోయింది. చెట్లు పోయాక పిట్టలు పోయాయి, పొదలు పోయాక చెవులపిల్లులు పోయాయి. వయసు మీద పడ్డాక మాలకొండయ్య బ్యారన్ కూలగొట్టించాడు. ఊరి బయటున్న నాలుగెకరాల్లో చిన్న ఇల్లు కట్టుకుని, మిగతా నేలంతా అడవి జీవాలకు వదిలేద్దామని భార్యతో చెప్పాడు.

"అయితే పంట వెయ్యవా?" అని అడిగింది సుబ్బరత్నం.

"వేస్తా. ఈసారి మనం అమ్ముకునేది కాదు, పిట్టలు తినేది" అన్నాడు మాలకొండయ్య.

"నాలుగెకరాలు! అంతా ఊడవాలంటే నా నడుం ఏం గాను?" అంది ఆమె.

మాలకొండయ్య పడీపడీ నవ్వాడు. సుబ్బరత్నం నవ్వలేదు. ఆమె నిజంగానే ఊడవాలనుకుంటోంది.

తొలకరి పడగానే పని మొదలైంది. బజారులో దొరికే రంగురంగుల పూలమొక్కలు మాలకొండయ్య తేలేదు. వాగు గట్ల మీద తిరిగి రేగు, బలుసు, కలివి, తంగేడు గింజలు ఏరుకొచ్చి చల్లాడు. వేప, కానుగ, నేరేడు మొక్కలు నాటాడు. పల్లంలో ఒక నీటిగుంట తవ్వించి, ఏ ప్రాణి అయినా జారకుండా దిగి తాగిపోయేలా దాని గట్టును ఏటవాలుగా చేయించాడు. చేలో తేలిన రాళ్లను పారెయ్యకుండా మూలల్లో కుప్పలు పోశాడు. రాళ్ల సందుల్లో తొండలూ ముంగిసలూ ఉంటాయని ఆయన ఆశ. ఇల్లు లేచేదాకా ఉండటానికి గుంట పక్కనే రేకుల షెడ్డు వేసుకున్నారు. గేటు నుంచి ఇంటి గుమ్మం దాకా వెడల్పుగా బాట తీసి, దానిమీద సన్న కంకర లాంటి గరుసు తోలించారు.

రెండు వానాకాలాలు గడిచాయి. మొక్కలు నడుమెత్తు లేచాయి, పొదలు చిక్కబడ్డాయి. ఇంటికి స్లాబు పడింది. కానీ పిట్టలు పెద్దగా రాలేదు. వచ్చినవి కూడా గుంటలో నీళ్లు తాగి, అటూ ఇటూ చూసి, ఎగిరిపోయేవి. ఎందుకు నిలుస్తాయి? పొద్దు పొడిచేసరికి సుబ్బరత్నం చీపురు పట్టుకుని పొదల కింద దూరేది. రాలిన ఆకునల్లా పోగేసి తగలబెట్టేది. ఆకుల కింద పురుగు లేదు, పురుగు లేక పిట్ట లేదు. రాళ్ల కుప్పలు కూడా చిందరవందరగా ఉన్నాయని వాటిని గోడలాగా సందులేకుండా పేర్చేసింది. దాంతో తొండకు కూడా చోటు లేకుండా పోయింది.

"రత్నం, పిట్టల్ని పిలిచింది నేను, తరిమేది నువ్వు" అన్నాడు మాలకొండయ్య ఒకరోజు.

"వస్తే నేనేమన్నా వద్దన్నానా? శుభ్రంగా ఉన్నచోటికే ఎవరైనా వస్తారు" అంది ఆమె. ఆమె చేతిలో చీపురు ఉన్నప్పుడు వాదించే అలవాటు ఆయనకు లేదు.

ఎండలు ముదిరాక వైశాఖ మాసం చివర్లో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నారు. సుబ్బరత్నానికి ఇక కాలు నిలవలేదు. ఈసారి మస్తానమ్మ వచ్చి చూస్తే ఏ మూలా దుమ్ము కనపడకూడదని పట్టుబట్టింది. అప్పటిదాకా గరుసు బాట జోలికి వెళ్లని మనిషి, ఒక పొద్దున గేటు దగ్గర మొదలుపెట్టి దాన్ని కూడా ఊడవసాగింది. తల మీద ఒక తీతువు పిట్ట గిరగిరా తిరుగుతూ ఒకటే అరుపు. ఆమె చీపురెత్తి అదిలించి, తన పని తాను చేసుకుపోయింది. బాట మధ్యలో చిన్న గుంట, దాని చుట్టూ గులకరాళ్లు, లోపల మచ్చమచ్చల రాళ్లు నాలుగు కనిపించాయి. నున్నటి బాటలో ఈ గుంట ఏమిటని బలంగా చీపురు వేసింది. రాళ్లు దొర్లాయి. వాటిలో ఒకటి పగిలి పచ్చసొన కారింది.

సుబ్బరత్నం అక్కడే కూలబడింది. దొర్లిన గుడ్లను తెచ్చి గుంటలో పెట్టింది. కానీ అవీ బీటలు వారి ఉన్నాయి. తీతువు వచ్చి వాటి పక్కన నిలబడింది, తల వంచి చూసింది, మళ్లీ ఎగిరి అరవసాగింది. ఆ రోజూ మర్నాడూ ఆ అరుపు ఆగలేదు. దారినపోయే ఆడవాళ్లు ఆగి, "రత్నమ్మా, కొత్తింటి మీద తీతువు కూస్తోంది, మంచిది కాదు, శాంతి చేయించుకోండి" అన్నారు. తీతువు కూస్తే కీడని ఆ ఊళ్లోనూ అనుకుంటారు.

"అది కీడు చెప్పడం లేదమ్మా. నేను దాని ఇల్లు ఊడ్చేశాను. అది ఏడుస్తోంది" అంది సుబ్బరత్నం. అని, వాళ్ల ముందే కొంగు నోట్లో కుక్కుకుని తనూ ఏడ్చింది.

ఆ రోజు నుంచి గుమ్మం ముందు ముగ్గు పట్టేంత మేర మాత్రమే ఊడ్చి చీపురు ఆపేసేది. మొదట్లో చేతులు ఊరికే ఉండేవి కావు. రాలిన ఆకు కనపడితే ఒళ్లు జిలపెట్టేది. మొహం పక్కకు తిప్పుకుని పోయేది. రాళ్ల గోడను తనే విప్పి మళ్లీ కుప్పగా పోసింది. కొన్నాళ్లకే పొదల కింద ఆకుల్ని తిరగేస్తూ బూడిదరంగు పిట్టల గుంపు ఒకటి కనిపించింది. రాళ్ల సందులోంచి ముంగిస తల బయట పెట్టింది. ఒక సాయంత్రం గుంట గట్టున చెవులపిల్లి కూర్చుని నీళ్లు తాగుతుంటే భార్యాభర్తలిద్దరూ ఊపిరి బిగబట్టి చూశారు. "మన చేలో!" అన్నాడు మాలకొండయ్య. పొగాకు బేలుకు మంచి ధర పలికినప్పుడు కూడా ఆయన గొంతులో అంత గర్వం ఆమె వినలేదు.

అంతకన్నా గొప్ప సంగతి ఇంకొకటి జరిగింది. ముహూర్తం ఇంకా కొద్దిరోజులుందనగా తీతువు మళ్లీ గుడ్లు పెట్టింది. పెట్టి ఊరుకుందా? ఈసారి ఇంటికి ఇంకా దగ్గరగా వచ్చి, గుమ్మానికి సూటిగా ఎదురుగా, బాట నడుమ పెట్టింది. మగదీ ఆడదీ వంతులేసుకుని పొదిగేవి. ఎండ మండిపోయే వేళ ఒకటి నీటిగుంటకు ఎగిరిపోయి, పొట్ట ఈకలు నీళ్లలో తడుపుకుని వచ్చి, గుడ్ల మీద కూర్చుని చల్లబరిచేది. సుబ్బరత్నం షెడ్డు గుమ్మంలో కూర్చుని అన్నం తినడం కూడా మరిచిపోయి చూసేది. తను గుడ్లు పగలగొట్టిన బాట మీదికే అవి మళ్లీ వచ్చాయి. ఈ గుడ్లు పిల్లలయ్యేదాకా తనకు నిద్ర పట్టదనుకుంది.

సరిగ్గా అప్పుడే పొదిలి నుంచి మస్తానమ్మ దిగింది. గృహప్రవేశంలో పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు. అందుకని ఆమె నాలుగు రోజుల ముందే పెత్తనానికి వచ్చేసింది. గేటు తీసి నాలుగడుగులు వేసిందో లేదో, తీతువు అరుస్తూ ఆమె కొప్పు మీదికి దూసుకొచ్చింది. ఆమె చేతిలో సంచీ అక్కడే వదిలేసి గేటు బయటికి పరుగెత్తింది.

"ఏందే ఇది రత్నం? ఇంటి ముందర తీతువు గూడా?" అని అక్కడి నుంచే కేకేసింది.

సుబ్బరత్నం వెళ్లి, పొద పక్క నుంచి చుట్టూ తిప్పి ఆమెను షెడ్డు దగ్గరికి తీసుకొచ్చింది. కాళ్లు కడుక్కుని, మజ్జిగ తాగి, మస్తానమ్మ తీర్పు చెప్పింది. "ఆవును తోలుకొచ్చేది ఆ బాటనే. పందిరి పడేది ఆడనే. మేళం కూర్చునేది ఆడనే. ముహూర్తం టైముకి అది కూసిందంటే వచ్చినోళ్లు అక్షింతలు వెయ్యకుండా లేచిపోతారు. ఒరే కొండయ్యా, ఆ గుడ్లు తీసి చేలో ఏ మూలనన్నా పెట్టించు."

మాలకొండయ్యకు అక్కంటే చిన్నప్పటి నుంచి హడల్. ఆయన తల గోక్కుని, "అక్క చెప్పేదాంట్లో తప్పేముంది రత్నం? జాగ్రత్తగా తీసి అవతల పెడదాం. పగలకుండా నేనే పెడతా" అన్నాడు.

"అవతల పెడితే దానికి తెలవదయ్యా. అది ఈ గుంట కాడికే వచ్చి ఎతుక్కుంటది. మొన్న చూళ్లేదా, పగిలిన గుడ్ల కాడే ఎట్టా తిరిగి తిరిగి అరిచిందో?" అంది సుబ్బరత్నం. "జీవాలకు వదిలేద్దామని నువ్వే గదా అన్నావు. అక్క గేటు తియ్యంగానే మాట మారిపోయిందా?"

సుబ్బరత్నం ఆడపడుచు వైపు తిరిగింది. "వదినా, పందిరి ఇంటెనక ఏపిస్తా. మేళం కూడా ఆడనే కూర్చుంటది. ఆవును గూడు పక్కనుంచి తిప్పి తీసుకొద్దాం. పంతులుగారిని అడిగా. గుమ్మం మారకూడదు గానీ గుమ్మం దాకా వచ్చే దారి ఎటు తిరిగినా ఏం కాదన్నాడు."

"పిట్ట కోసం మేళం ఎనక్కి పోద్దా? నలుగురూ ఏమనుకుంటారు? ఆకులన్నీ ఎట్టా పడున్నాయో చూడు, ఇల్లు కట్టుకున్నారా, పాడు పెట్టుకున్నారా?" అంది మస్తానమ్మ. ఆఖరికి లేచి నిలబడింది. "ఆ గూడు ఉంటే నేనుండను. పాలు ఆ పిట్ట చేతనే పొంగించుకో!"

వచ్చిన ఆటోనే మళ్లీ పిలిపించుకుని ఆమె వెళ్లిపోయింది.

సుబ్బరత్నం చాలాసేపు అక్కడే కూర్చుండిపోయింది. ఆడపడుచు అలిగిన ఇంట్లో పాలు పొంగితే ఎంత, పొంగకపోతే ఎంత? ఊరంతా ఇదే చెప్పుకుంటుంది. ఇన్నేళ్లూ ఎవరి ఒక్క మెప్పు కోసం చేతులు కాయలు కాచేలా ఊడ్చిందో, ఆ మనిషే ఇప్పుడు మొహం తిప్పుకుని పోయింది. లేచి వెళ్లి ఆ నాలుగు గుడ్లూ తీసేస్తే ఈ గొడవంతా పోతుంది. గుడ్ల వైపు చూసింది. తీతువు పొట్ట తడుపుకుని అప్పుడే వచ్చి కూర్చుంటోంది. సుబ్బరత్నం కళ్లు తుడుచుకుని, పందిరి వాళ్లకు చోటు చూపించడానికి ఇంటి వెనక్కి నడిచింది.

ముహూర్తం రోజు తెలతెలవారుతుండగా చుట్టాలూ పక్కాలూ వచ్చారు. గూడుకు చుట్టూ దూరంగా తాడు కట్టి ఉంది. దానికి రెండు వైపులా ఆకులు రాలినవి రాలినట్టే ఉన్నాయి. ఆడవాళ్లు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. "రత్నమ్మకు ఒంట్లో బాగాలేదా ఏంది?" అని ఒకామె అడగనే అడిగింది. "నాకేం, బాగున్నా. పక్కనుంచి రా పిన్నీ, ఆడ మా తీతువు పొదుగుతా ఉంది" అని సుబ్బరత్నం తలెత్తుకునే చెప్పింది. మస్తానమ్మ కూడా వచ్చింది. తమ్ముడి ముహూర్తం చెడగొట్టిందన్న మాట తన మీదికి రాకూడదని వచ్చింది. కానీ లోపలికి రాకుండా గేటు దగ్గరే చేతులు కట్టుకుని నిలబడింది.

పంతులుగారు మంత్రం మొదలుపెట్టాడు. పసుపు కుంకుమ పెట్టిన ఆవును, దూడను పక్క ఊరి నుంచి తీసుకొచ్చారు. ముందు ఆవు గడప తొక్కాలి, ఆ వెనకే ఇంటివాళ్లు. అంతమంది కొత్త జనాన్ని చూసేసరికి ఆవు బెదిరింది. తల విదిలించి తోలేవాడి చేతిలో పలుపు లాగేసుకుని, గుమ్మం వైపు సూటిగా నడిచింది. కట్టిన తాడు దాని రొమ్ముకు తగిలి తెగిపోయింది.

ఆ క్షణాన తీతువు కూసింది.

అందరి మొహాలూ పాలిపోయాయి. పంతులుగారి మంత్రం ఆగిపోయింది. "అయిపోయింది" అన్నారెవరో. మాలకొండయ్య ముందుకు ఉరికాడు గానీ, ఆయన చేరేలోపే ఆవు గూటి మీదికి వచ్చేసింది. ఇంకొక్క అడుగు వేస్తే గిట్టల కింద గుడ్లు నలిగిపోతాయి. సుబ్బరత్నం కళ్లు మూసుకుంది.

తీతువు మాత్రం ఎగిరిపోలేదు. గుడ్ల మీద నుంచి లేచి, రెండు రెక్కలూ బారలు చాచి, పిడికెడు ఒంటితో అంత పెద్ద ఆవుకు ఎదురు నిలబడింది. అరుస్తూ ఆవు ముట్టె మీదికి ఒక గెంతు వేసింది. ఆవు ఆగింది. బుస్సుమంటూ ఊపిరి వదిలి, తల వంచి ఆ పిట్టను చూసింది. తర్వాత మెల్లిగా ఒక అడుగు వెనక్కి వేసి, పక్కకు తిరిగి, గూటిని చుట్టి నడిచింది. దూడ తల్లి వెంటే నడిచింది. రెండూ నేరుగా వెళ్లి కొత్త ఇంటి గడప తొక్కాయి. తీతువు రెక్కలు ముడిచి, గుడ్లను ముక్కుతో సర్దుకుని, మళ్లీ కూర్చుంది.

అప్పుడు గేటు దగ్గర నుంచి మస్తానమ్మ కదిలింది. ఆవు నడిచిన దారినే, గూటిని చుట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

"ఆవే తప్పుకుని దారిచ్చింది రత్నం. నేనెంత దాన్ని?" అంది. "అంత చిన్నది పిల్లల కోసం ఎట్టా నిలబడిందే తల్లీ! పాలగిన్నె ఏది? ఇటివ్వు."

పొయ్యి మీద పాలు పొంగాయి. ఇంటి వెనక మేళం మోగింది. మాలకొండయ్య భార్య దగ్గరికొచ్చి, "నేను జారిపోయినా నువ్వు నిలబడ్డావు రత్నం" అన్నాడు. ఆ రోజు పట్టుచీరలో ఆమె నడిచిన తీరు చూసినవాళ్లకు నాలుగెకరాలకు కాదు, నాలుగూళ్లకు దొరసాని అనిపించింది.

మస్తానమ్మ మర్నాడు వెళ్లిపోవలసింది, వెళ్లలేదు. గుడ్లు పిల్లలయ్యేదాకా ఉంటానని కూర్చుంది. రోజూ పొద్దున్నే గుమ్మంలో పీట వేసుకుని, గేటు దగ్గరికి ఎవరొచ్చినా, "అటు తిరిగి రండి, అటు తిరిగి రండి" అని తనే కేకలేసేది. ఒక ఉదయం దూది ఉండల్లాంటి పిల్లలు నాలుగు, పుట్టిన కాసేపటికే కాళ్ల మీద లేచి, తల్లి వెంట తడబడుతూ నీటిగుంట వైపు బయల్దేరాయి. మస్తానమ్మ మరదలి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎన్ని కొత్తిళ్లకు పోయానో, ఎన్నిళ్లలో పాలు పొంగించానో. ఇంత మంచి వాకిలి నేను యాడా చూళ్లేదు రత్నం" అంది.

ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట అది. తీరా విన్నాక సుబ్బరత్నం దాన్ని సగమే విన్నది. నాలుగో పిల్ల వెనకపడిపోతుందేమోనని ఆమె కళ్లు దాని మీదే ఉన్నాయి. అది కూడా తల్లిని చేరుకునేదాకా చూసి, అప్పుడు గుండెల నిండా ఊపిరి పీల్చుకుని నవ్వింది.

నీతి: నలుగురూ మెచ్చుకునేలా ఉన్నంత మాత్రాన ఇల్లు గొప్పది కాదు; నలుగురి మాట పడి అయినా సరే, తనను నమ్మి వచ్చిన చిన్న ప్రాణిని కాపాడిన ఇల్లే గొప్ప ఇల్లు.